నీలం డబ్బాలో కొత్తబియ్యం

పొద్దున్నే మంచు ఇంకా విడలేదు. నగరం అనే పల్లెటూరి చివర మినప చేల పక్కనుంచి పాలవ్యాను హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. రాహేలు అప్పటికే స్నానం చేసి, తల దువ్వుకుని, వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. గడపకి ఇవతలే. ఈ ఇంటికి వచ్చి మూడు నెలలైంది. రోజూ పొద్దున్నే అక్కడిదాకా వస్తుంది, రోజూ అక్కణ్ణుంచే వెనక్కి వెళుతుంది.

"ఉల్లిపాయలు కొయ్యనా సుజనా?"

"అయ్యో, మీరెందుకండి వదినా! హాయిగా కూర్చోండి. టిఫిన్ అక్కడికే తెస్తాను."

"ఊరికే కూర్చుని ఏం చెయ్యను?"

"ఇన్నేళ్ళూ ఆసుపత్రిలో కష్టపడ్డారు కదండి. ఇక్కడన్నా కాస్త విశ్రాంతి తీసుకోండి."

మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. గొడవంతా అక్కడే. కొందరి మర్యాద ఎలా ఉంటుందంటే, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ బయట ఉంచుతుంది. రాహేలు వసారాలోకి వచ్చి కుర్చీలో కూలబడింది. ఇడ్లీ వచ్చింది. పక్కన రెండు చట్నీలు, ఒక అరటిపండు. ఎదురుగా కూర్చున్న ఎజ్రా పళ్ళెంలో మాత్రం ఒక్కటే చట్నీ ఉంది. అది కూడా నిన్నటిది.

"ఏంటే, నాకు ఉప్పు చాల్లేదు!" అన్నాడు ఎజ్రా.

"లేచొచ్చి వేసుకోండి. కాళ్ళు లేవా?" అంది లోపల్నుంచి సుజన.

రాహేలుకి తమ్ముణ్ణి చూస్తే అసూయ వేసింది. ఆ విసురు తన మీద ఒక్కసారైనా పడితే బాగుండునని ఆవిడకి ఎంత ఆశో ఎవరికీ తెలియదు.

రాహేలు తండ్రి శాలేమురాజు కుర్రతనంలోనే ఊరొదిలి, ఉక్కు ఫ్యాక్టరీలో పనికని భిలాయి వెళ్ళిపోయాడు. రాహేలు అక్కడే పుట్టింది, అక్కడే చదివింది, అక్కడే నర్సుగా చేసి రిటైరైంది. భర్త పోయాక కొడుకు వినయ్ కుమార్ రాయపూర్‌లో తన ఫ్లాటుకి రమ్మన్నాడు. ఆవిడ మాత్రం రెండు పెట్టెలు సర్దుకుని, తండ్రి నోట తప్ప పెద్దగా ఎరగని ఈ ఊరికి, చిన్నాన్న కొడుకు ఎజ్రా ఇంటికి వచ్చేసింది. శాలేమురాజు ప్రాణం పోయేదాకా "మన నగరం" అనే అన్నాడు. ఆ 'మన'లో తనూ ఉందో లేదో తేల్చుకోవాలని ఆవిడ పట్టుదల.

సుజనది మరో బాధ. ఈ ఇల్లు శాలేమురాజుకీ, ఎజ్రా తండ్రికీ ఉమ్మడిగా వచ్చిన స్థలంలో ఉంది. పూరిల్లుగా ఉన్నప్పుడు కాపరానికొచ్చి, గోడలు లేపించి, స్లాబు వేయించింది తను. ఇప్పుడు పెద్దాయన కూతురు దిగింది. ఎందుకొచ్చిందో చెప్పదు, ఎన్నాళ్ళుంటుందో చెప్పదు. వీధిలో అందరూ "వాటాకొచ్చిందా?" అని అడుగుతుంటే సుజన నవ్వి ఊరుకుంటోంది గానీ, లోపల గుబులుగానే ఉంది.

ఆ రోజు శనివారం. మర్నాడు చర్చిలో కోతపండుగ. ఎజ్రా, సుజన పొద్దున బస్సుకే బాపట్ల బయల్దేరారు. అక్కడ ఉంటున్న కూతురు సుహాసినికి ఇప్పుడు అయిదో నెల. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. డాక్టరుకి చూపించాల్సిన రోజని తల్లి వెళుతోంది.

"అన్నం వండి మూతపెట్టాను వదినా. కూర, పెరుగు బల్లమీదున్నాయి. మీరేం శ్రమపడకండి," అని చెప్పి సుజన చెప్పులేసుకుంది.

ఇల్లు ఖాళీ అయ్యాక రాహేలు వంటింట్లోకి అడుగుపెట్టింది. దొంగతనంగా వచ్చినట్టనిపించి ఆవిడకే నవ్వొచ్చింది. తర్వాత ఒక ఆలోచన తట్టింది. వాళ్ళు అలసిపోయి వస్తారు. బెల్లం పరమాన్నం చేసి ఉంచితే? వీధిలో కూడా తలా ఒక గిన్నె పంచితే? వచ్చిన దగ్గర్నుంచీ ఒకరి ఇంటికి వెళ్ళింది లేదు, ఒకరికి పెట్టింది లేదు. ఆ ఆలోచనకే ఆవిడ మొహం వెలిగిపోయింది.

పాలు తెప్పించింది. అటక కింద అలమరలో చెయ్యి పెడితే నీలం రంగు డబ్బా ఒకటి తగిలింది. మూత తీస్తే తెల్లటి కొత్తబియ్యం. పరమాన్నానికి కొత్తబియ్యమే బాగుంటాయని వాళ్ళమ్మ అంటుండేది. రాహేలు డబ్బా అంతా గంగాళంలోకి వంచేసింది.

సాయంత్రానికల్లా వీధి వీధంతా యాలకుల వాసనే. 'ఎజ్రా - సుజన' అని పేర్లు చెక్కిన స్టీలు గిన్నెలన్నీ నింపుకుని, ఎదురింటి మార్తమ్మ దగ్గర్నుంచి చివరింటి భువనేశ్వరి దాకా తనే స్వయంగా ఇచ్చి వచ్చింది. "నేను శాలేమురాజు కూతుర్నండి," అని ప్రతి గుమ్మంలోనూ చెప్పుకుంది.

చీకటి పడేవేళకి ఎజ్రా, సుజన బస్సు దిగారు. సుజన మొహం వాడిపోయి ఉంది. బిడ్డ నిలవాలంటే సుహాసిని మంచం దిగకూడదని చెప్పింది డాక్టరమ్మ. దారిలో మార్తమ్మ కేకేసి "మీ వదిన పరమాన్నం అదిరిందే!" అంటే అలాగే తలూపి ఇంట్లోకి వచ్చింది. గంగాళం చూసింది. అలమర చూసింది. నీలం డబ్బా మూత పక్కన పడి ఉంది.

"వదినా... ఈ డబ్బాలో బియ్యం ఏమయ్యాయి?"

"అవే వండానమ్మాయ్. కొత్తబియ్యం కదా, ఎంత బాగా కుదిరిందో! నీకోసం తీసి ఉంచాను, రా..."

సుజన ఉన్నచోటే నేలమీద చతికిలబడింది.

"అవి దేవుడి బియ్యం వదినా! పిడికెడు బియ్యం! రేపు చర్చిలో ఇవ్వాల్సినవి!"

రాహేలుకి అర్థం కాలేదు. వాళ్ళ భిలాయి చర్చిలో కానుకంటే కవర్లో పెట్టి ఇచ్చే నోటే. ఇక్కడ అలా కాదు. పొయ్యిమీద ఎసరు పెట్టిన ప్రతిపూటా ఆ ఇంటి ఇల్లాలు ముందు ఒక పిడికెడు బియ్యం తీసి, ఒకరి పేరు చెప్పుకుని ప్రార్థన చేసి, పక్కన డబ్బాలో వేస్తుంది. కోతపండుగనాడు ఇళ్ళన్నిటి బియ్యమూ చర్చి ఆవరణలో కలిపి వండుతారు. అందరూ ఒకే బంతిలో కూర్చుని తింటారు.

"మేం తినేది పాతబియ్యం. పంటొచ్చిన దగ్గర్నుంచీ కొత్తవి దేవుడికే తీస్తున్నాను," అంది సుజన. "ప్రతి పిడికెడూ సుహాసిని పేరు చెప్పుకుని వేశాను. ఈసారైనా నిలబెట్టు తండ్రీ అని!"

"నాకు తెలీదు సుజనా... రేపు పొద్దున్నే షాపు తెరవగానే కొనిచ్చేస్తాను."

అనకూడని మాట అదే.

"కొనిస్తారా? బస్తా బియ్యం ఇంట్లోనే ఉన్నాయి, డబ్బా నింపాలంటే నిమిషం పట్టదు. నా ప్రార్థనలు ఏ షాపులో కొనుక్కొస్తారండి? ఇదొక్కటే నాదనుకున్నాను. ఇందులోనూ చెయ్యి పెట్టారు. ఇంకేం మిగిలింది? ఆ స్థలం వాటా కూడా అడిగెయ్యండి, ఈ దాగుడుమూతలెందుకు!"

"సుజనా!" అని అరిచాడు ఎజ్రా.

"అననీరా," అంది రాహేలు. "వాటా కోసం రాలేదమ్మా. కాగితం తే, ఇప్పుడే రాసిస్తాను. భిలాయిలో పుట్టినప్పట్నుంచీ మమ్మల్ని మద్రాసీలనే అన్నారు. ఇక్కడికొస్తే అందరూ భిలాయి ఆవిడ అంటున్నారు. ఎక్కడన్నా ఒక్కచోట మనిషిలా పేరుపెట్టి పిలుస్తారని వచ్చాను. ఈ వంటింట్లోకి నన్ను ఒక్కరోజు రానిచ్చినా, ఆ డబ్బా ఏంటో నాకు తెలిసుండేది."

ఆ మాట సుజనకి సూటిగా తగిలింది. కానీ కోపంలో ఉన్న మనిషి తగిలిందని ఒప్పుకోదు కదా. లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. రాహేలు వసారాలోకి వచ్చి కొడుక్కి ఫోన్ చేసింది.

"నేను ముందే చెప్పలేదా అమ్మా?" అన్నాడు వినయ్ కుమార్. "మనకి అక్కడెవరున్నారని! రేపే తెనాలి నుంచి టికెట్ తీస్తాను. వచ్చెయ్."

"తియ్యి నాన్నా," అంది రాహేలు. అది చెప్పాక ఆవిడ తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదు.

ఆదివారం తెల్లవారింది. తెనాలి రైలెక్కడానికి రేపల్లె స్టేషనుకి ఆటో చెప్పారు. రాహేలు రెండు పెట్టెలూ వసారాలో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. ఎజ్రా స్తంభానికి ఆనుకుని, ఏడవలేక నేలచూపులు చూస్తున్నాడు. సుజన కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. కాఫీ తెచ్చి రాహేలు పక్కన పెట్టింది. ఉండమని అడగడానికి అభిమానం అడ్డొస్తోంది, వెళ్ళిపొమ్మనడానికి మనసొప్పడం లేదు.

అప్పుడు గేటు చప్పుడైంది. మార్తమ్మ. చేతిలో నిన్నటి గిన్నె.

మా వైపు ఒక అలవాటుంది. ఏదైనా పెట్టి పంపిన గిన్నెని వట్టిదిగా తిరిగివ్వరు. పంచదారో, రెండు పళ్ళో, ఏమీ లేకపోతే కాసిని పూలో వేసి ఇస్తారు. మార్తమ్మ గిన్నెలో పిడికెడు బియ్యం ఉన్నాయి.

"పొద్దున ఎసరు పెట్టినప్పుడు తీశానే," అంది మార్తమ్మ గిన్నె సుజన చేతిలో పెడుతూ. "మీ సుహాసిని పేరు చెప్పుకుని తీశాను. రాత్రి నువ్వరిచిన అరుపులకి గోడలు కూడా విన్నాయి, నేను వినకుండా ఎట్టా ఉంటాను?"

సుజన తలొంచుకుంది.

"ఇంకో మాట అడుగుతాను, కోప్పడకు. మూణ్ణెల్ల నించీ ఈవిణ్ణి వంటింటి గడప దాటనిచ్చావా? మీ అత్త బతికున్నప్పుడు నీకు ఆ డబ్బా చూపించి నేర్పింది కాబట్టి నీకు తెలిసింది. ఈవిడకి ఎవరు నేర్పారే?"

ఇంతలో గేటు మళ్ళీ చప్పుడైంది. పక్కింటివాళ్ళ కోడలు. ఆమె గిన్నెలోనూ పిడికెడు బియ్యమే. వెనకే ఇంకో ఇద్దరు. పాలు పోయించుకునే దగ్గర మార్తమ్మ ఏం చెప్పిందో, ఏం చెప్పలేదో గానీ, వీధంతా గిన్నెలు పట్టుకుని కదిలింది. "సుహాసిని పేరు చెప్పుకున్నాం అక్కా," అని ఒకరు. "బిడ్డ బంగారంలా పుడుతుంది పిన్నీ," అని ఒకరు.

చివర్లో భువనేశ్వరి వచ్చింది, నుదుట కుంకుమతో, కాస్త మొహమాటంగా.

"మా దేవుడికి దణ్ణం పెట్టుకుని తీశాను సుజనా. మీ చర్చికి పనికొస్తాయంటావా?"

సుజన ఆవిణ్ణి పట్టుకుని భోరున ఏడ్చేసింది. భువనేశ్వరి ఆమె వీపు నిమురుతూ, కుర్చీ వైపు చూసి అంది:

"పరమాన్నం మా వారికి తెగ నచ్చింది రాహేలక్కా. బెల్లం పాకం పట్టి పోశారా, తురిమి వేశారా? తర్వాతొచ్చి చెప్పించుకుంటాను."

రాహేలక్క. ఆ పిలుపు విని రాహేలు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయట ఆటో వచ్చి ఆగింది.

ఎజ్రా పెట్టె మీద చెయ్యి వెయ్యబోయాడు.

"ఉంచండి," అంది సుజన. కళ్ళు తుడుచుకుని గేటు దాకా వెళ్ళి, "ఎవరూ రావట్లేదు బాబూ, వెళ్ళిపో," అని ఆటో పంపించేసింది. తర్వాత వచ్చి రాహేలు ముందు కింద కూర్చుని, ఆవిడ చేతులు పట్టుకుంది.

"తప్పు నాది వదినా. మీరు ఈ ఇంటి మనిషైపోతే నేనెక్కడ పరాయిదాన్నైపోతానో అని భయపడ్డాను. పిచ్చిదాన్ని. నేను కూడా ఒకప్పుడు బయట్నుంచి వచ్చినదాన్నే కదా!"

"నేను కూడా చెప్పాల్సింది సుజనా, ఎందుకొచ్చానో. ఎలా చెప్పాలో తెలీక..."

"ఏడుపులు తర్వాత. రండి," అని సుజన ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లేపింది. గడప దాటించి వంటింట్లోకి తీసుకెళ్ళింది.

గిన్నెల్లో బియ్యమంతా నీలం డబ్బాలో పోశారు. అంచుకి కాస్త వెలితి ఉంది. సుజన కొత్తబియ్యం బస్తా మూతి విప్పింది.

"ఇవాళ్టి పిడికెడు మీరే తియ్యండి. ఒకరి పేరు చెప్పుకోవాలి."

రాహేలు కళ్ళు మూసుకుంది. బిడ్డలు పుట్టేటప్పుడు ఎందరో తల్లుల్ని పట్టుకున్న చెయ్యి అది. ఇప్పుడు పిడికెడు బియ్యం పట్టుకుంది. పెదాలు కదిలాయి. బియ్యం డబ్బాలో పడ్డాయి.

"సుహాసిని పేరేనా?" అంది సుజన మెల్లిగా.

"మొదట దాని పేరే. తర్వాత నీ పేరు."

సుజన మొహం పక్కకి తిప్పుకుని, ఎసట్లో పోయాల్సిన బియ్యం కడగడానికి ఆవిడకిచ్చింది.

చర్చికి టైమవుతోంది. ఎజ్రా పెట్టెలు లోపల పెట్టి, ఇస్త్రీ చొక్కా కోసం వెతుకుతున్నాడు. రాహేలు బియ్యం కడుగుతుండగా ఫోన్ మోగింది. తడిచేత్తోనే తీసి చెవికి ఆనించుకుని వసారాలోకి వచ్చింది.

"అమ్మా, స్టేషనుకి చేరావా? రైలు టైముకే ఉందట."

ఆవిడ జవాబు చెప్పేలోపే వంటింట్లోంచి కేక వినిపించింది.

"ఏంటి వదినా ఇది! పంపు అలాగే వదిలేసి వెళ్ళిపోతారా? నీళ్ళన్నీ నేలపాలు! ఇంత వయసొచ్చింది, ఆమాత్రం చూసుకోవద్దా?"

రాహేలు నవ్వింది. నవ్వుతుంటే కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"అమ్మా? ఏమైంది? ఎవరది అరుస్తోంది?" అన్నాడు వినయ్ కంగారుగా.

"నేను రావట్లేదురా. టికెట్ క్యాన్సిల్ చేయించెయ్," అంది రాహేలు, వీధిలో అందరికీ వినపడేంత గట్టిగా. "తర్వాత మాట్లాడతాను, పెట్టెయ్ నాన్నా. మీ అత్త కేకలేస్తోంది!"