ఫిలొమెనా చేసిన పెళ్లి

పొద్దున పూట ఫిలొమెనా జోలికి వెళ్లకూడదని మియాగావ్ ఊళ్లో జీప్‌నీ బళ్లు ఆగే స్టాండులో అందరికీ తెలుసు. ఆ వేళప్పుడు ఆవిడ కూటి కొట్లో పొయ్యి మీద కందులూ, పనసకాయా, పందిమాంసమూ ఒకే గిన్నెలో ఉడుకుతుంటాయి. ఆవిడ నోరు అంతకంటే గట్టిగా ఉడుకుతుంటుంది. డ్రైవర్లు తిట్లు తింటూనే అన్నం తింటారు. ఎంత తిట్టినా, అడక్కుండానే ఇంకో గరిటె వడ్డిస్తుంది మరి.

"ఏమే, నిద్ర తీరలేదా మహారాణికి? ఆ వెల్లుల్లి ఒలిచి ఇటు పడెయ్!" అని లోపలికి కేకేసింది.

రియాలిన్ బయటికి రాలేదు. పెరట్లో వాంతి చేసుకుంటున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఫిలొమెనా గొంతు దిగిపోయింది.

"సరేలే, కూచో. నేనే ఒలుచుకుంటా. అల్లం నీళ్లు కాచి పెట్టాను, తాగు."

రియాలిన్ ఆవిడ కూతురు కాదు, చెల్లెలి కూతురు. ఆ పిల్ల తండ్రి ఇంకొకామెను చూసుకుని ఏనాడో పోయాడు. పెళ్లీ పెటాకులూ లేని ఫిలొమెనా చేతిలో తొమ్మిదేళ్ల పిల్లని పెట్టి, "దీన్ని నా దగ్గరికి తీసుకుపోయేదాకా నీదే భారం అక్కా" అని ఏడుస్తూ వెళ్లిపోయింది చెల్లెలు మారివిక్. ముందు హాంకాంగ్‌లో ఎవరి పిల్లల్నో పెంచింది. ఆ తరవాత కెనడా చేరి, విన్నిపెగ్‌లో మంచాన పడ్డ ఒక ముసలాయన్ని చూసుకుంటూ ఆయన ఇంట్లోనే ఉంటోంది. అలా ఇళ్లల్లో సేవ చేసినవాళ్లకి కొంతకాలానికి అక్కడ శాశ్వతంగా ఉండిపోయే హక్కు ఇస్తారు, పిల్లల్ని కూడా తెచ్చుకోనిస్తారు. ఆ ఒక్క ఆశ మీదే మారివిక్ ఇన్నేళ్లూ బతికింది. పిల్లకిప్పుడు ఇరవై నిండాయి.

వెల్లుల్లి ఒలుస్తుండగా ఫోను మోగింది. మారివిక్! ఆదివారం తప్ప చెయ్యదే, ఏం కొంప మునిగిందో అనుకుంటూ తడిచేత్తోనే ఎత్తింది ఫిలొమెనా.

"అక్కా! వచ్చేసిందక్కా! వచ్చేసింది!"

"ఏమొచ్చిందే? ముందు ఊపిరి పీల్చుకో."

"మన కాగితాలు! ఆఖరి మెట్టుకొచ్చాయి. రియాకి డాక్టరు పరీక్షలు చేయించమన్నారు. ఇంకా, దానికి పెళ్లి కాలేదని సర్కారు వాళ్లిచ్చే సర్టిఫికెట్ పంపాలిట. అది నువ్వే తీయించాలి. ఈ వారంలోనే!"

ఫిలొమెనా వెల్లుల్లి పక్కన పెట్టేసింది. "పెళ్లి కాలేదనా? అదెందుకే వాళ్లకి?"

"పెళ్లయిన పిల్ల తల్లి కిందికి రాదక్కా. దాని సంసారం వేరు లెక్కట. మన దానికేం భయం, నిన్నగాక మొన్న నీ చేత జడలేయించుకున్న పిల్ల!" మారివిక్ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో.

ఫిలొమెనా అడక్కుండా ఉండలేకపోయింది. "ఊరికే అడుగుతున్నా మారీ. మన వెనకింటి సలూద్ లేదూ, దాని కూతురికి పెళ్లి కాకుండానే కడుపొచ్చింది. అలాంటిదాన్ని ఆ దేశం వాళ్లు గడప తొక్కనిస్తారా? ఛీ పొమ్మంటారు కదూ?"

"ఎందుకంటారూ? ఇక్కడ నా స్నేహితురాలి కూతురు అలాగే వచ్చింది. పుట్టాక బిడ్డ పేరు కూడా చేర్చుకున్నారు. పెళ్లొక్కటీ కాకుండా ఉంటే చాలు, మిగతావి వాళ్లకెందుకు? అయ్యో, పిలుస్తున్నాడు ముసలాయన. ఉంటానక్కా!"

ఫోను పెట్టేశాక ఫిలొమెనా బల్ల మీద కూలబడింది. అడుగంటిన కూర కమురు వాసన వేస్తున్నా లేవలేదు. రియాలిన్‌కి పెళ్లయి మూడు వారాలు దాటింది. చేసింది ఆవిడే.

తానొకటి తలిస్తే దైవమొకటి తలిచిందంటారు. ఇందులో దైవాన్ని అనడం దేనికి? తలిచిందీ, చేసిందీ అంతా ఫిలొమెనాయే. నర్సింగు చదువుతున్న పిల్ల, ఆటో తోలే జెరిక్‌ని ప్రేమించి నెల తప్పిందని తెలిసిన రోజున ఆవిడకి తల తీసేసినట్టయింది. ఒక్క పిల్లని కాపాడలేకపోయావా అని చెల్లెలు అడిగితే ఏ మొహం పెట్టుకుని జవాబు చెప్పాలి? పైగా ఆవిడకి ఇంకో భయం. పెళ్లికాని పిల్ల కడుపుతో ఉందని పరీక్షలో తేలితే, అంత గొప్ప దేశం వాళ్లు ఊరుకుంటారా, పేరు కొట్టేయరూ? పెళ్లి చేసేస్తే గౌరవంగా మొగుడూ పెళ్లాం ఇద్దరూ విమానమెక్కుతారు అనుకుంది. తమ చర్చికి వచ్చే పెద్దమ్మలు ఎలా ఆలోచిస్తారో, కెనడా దొరలూ అలాగే ఆలోచిస్తారని నమ్మింది పిచ్చి మనిషి. ఇరవయ్యొకటి నిండని పిల్ల పెళ్లికి పెద్దల సంతకం కావాలన్నారు. పిల్ల బాధ్యత అక్కదేనని మారివిక్ వెళ్లేముందు రాసిచ్చి పోయింది కదా, సంతకం కూడా ఫిలొమెనాయే పెట్టింది. పొద్దున్నే చీకటి విడవకముందు జరిగే చర్చి పూజలో, పదిమందికి నూడుల్స్ పెట్టి, పెళ్లయిందనిపించింది. కాగితాలొచ్చాక మారివిక్‌కి నెమ్మదిగా చెబుదామనుకుంది.

కొట్టు మూసి నేరుగా ఫాదరు దగ్గరికి పరుగెత్తింది.

"ఆ పెళ్లి రద్దు చెయ్యండి ఫాదర్. మీరేగా చేసింది!"

ముసలి ఫాదరు జాలిగా చూశాడు. "కూర అనుకున్నావా ఫిలొమెనా, ఉప్పెక్కువైందని పారబోయడానికి? ఈ దేశంలో విడాకులు లేవు. చెల్లదనిపించాలంటే కోర్టుల చుట్టూ ఏళ్లు తిరగాలి. తిరిగినా ఏమని చెబుతావు? ఇష్టపడ్డ పిల్లలేనాయె."

"ఇష్టపడ్డారు గానీ వాళ్లు పెళ్లి అడగలేదు ఫాదర్. నేనే తొందరపెట్టాను."

"అవును," అన్నాడు ఫాదరు. అంతకంటే ఆయన దగ్గర మాత్రం ఏముంది?

ఇంటికొచ్చి పిల్లలిద్దరికీ చెప్పేసింది. జెరిక్ తలొంచుకుని కాసేపు గోళ్లు గిల్లుకున్నాడు. తరవాత మెల్లిగా, "అత్తమ్మా, పట్నంలో ఎలాంటి సర్టిఫికెట్టయినా చేసిచ్చేవాడున్నాడట. అడగనా?" అన్నాడు.

ఫిలొమెనా కళ్లల్లో ఆశ మెరిసింది. అది చూసి రియాలిన్ లేచి నిలబడింది.

"దొంగ కాగితం పట్టుబడితే అమ్మ హక్కు కూడా పోతుంది. అమ్మని కూడా నట్టేట ముంచుతారా మీరు?" పిల్ల పెద్దమ్మ వైపు తిరిగింది. "ఒక్కసారి అమ్మనడుగుదాం పెద్దమ్మా అని నీ కాళ్లు పట్టుకున్నాను. లోకం ఏమంటుందో అన్నావు. ఏదీ, ఆ లోకాన్ని పిలు! ఇప్పుడేమంటుందో అడుగుదాం!"

ఫిలొమెనా లేచి, అడుగంటిన గిన్నె తోమడానికి పెరట్లోకి వెళ్లింది.

ఆదివారం పూజ నుంచి రాగానే ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఎప్పటిలాగే వెనిగర్ సీసాకి ఫోను ఆనించి పెట్టారు. విన్నిపెగ్ వంటింట్లో మారివిక్ సూపు చల్లారుస్తూ కనిపించింది.

"సర్టిఫికెట్ తీసుకున్నారా? ఏమిటే రియా, అలా చిక్కిపోయావు? ఈ అబ్బాయెవరు?"

ఫిలొమెనా గడగడా చెప్పేసింది. ఆగితే మళ్లీ చెప్పలేనని భయం. కడుపు సంగతి, పెళ్లి సంగతి, సంతకం సంగతి అన్నీ. మారివిక్ చేతిలో చెంచా సూపులోనే ఉండిపోయింది.

"అబద్ధం చెబుతున్నావు."

"లేదమ్మా," అంది రియాలిన్.

మారివిక్ నోటికి కొంగులా తువ్వాలు అడ్డం పెట్టుకుంది. పక్కగదిలో ముసలాయన ఉన్నాడు. గట్టిగా ఏడవడానికి ఆ ఇల్లు ఆమెది కాదు.

"నన్నొక్క మాట అడగలేదా అక్కా? దీనికి పిన్నులూ రిబ్బన్లూ కొని డబ్బాలో వేసి పంపానే తప్ప, ఒక్కనాడు తల దువ్వలేదే నేను! వాళ్ల ముసలాళ్లకి ఒళ్లు తుడిచి, వాళ్ల పక్కబట్టలు ఉతికి, నా బిడ్డ కోసమే కదా అని పళ్లు బిగించుకున్నానే! నా గొంతు కోశావు కదే!"

"నీ పరువు కోసమేనే చేశాను, మారీ! దాని మంచికేనే!"

"నా పరువు కోసమా? కాదు. నాకు దాన్ని పంపడం ఇష్టంలేక చేశావు. నీ దగ్గరే ఉంచుకోవాలని చేశావు!"

"నోర్ముయ్యి!" ఫిలొమెనా బల్ల మీద దబ్బున చరిచింది. "నా వయసంతా నీ కూతురికి ధారపోస్తే ఇంత మాటంటావా? నీ నాలుక..."

అవతల గంట మోగింది. మారివిక్ గబగబా కళ్లు తుడుచుకుంది, మొహాన నవ్వు తెచ్చుకుంది, సూపు పట్టుకుని లేచి వెళ్లింది. తెర మీద ఖాళీ కుర్చీ మిగిలింది. లోపల్నించి "వేడిగా లేదు, కొంచెం తాగండి, మంచి తాతగారు కదూ" అని బుజ్జగిస్తున్న గొంతు తియ్యగా వినిపించింది. రియాలిన్ ఆ గొంతు వినలేక చెవులు మూసుకుంది.

ఫిలొమెనా ఆ ఖాళీ కుర్చీకేసి చూస్తూ ఉండిపోయింది. మనసులో ఇంకా చెల్లెల్ని తిడుతూనే ఉంది. ఎంత మాటంది! తనకిష్టం లేకనా? కానీ తిట్టేకొద్దీ ఒక సంగతి గుర్తుకొచ్చి తిట్లు ఆగిపోయాయి. పెళ్లిరోజున పిల్ల తలమీద తెల్ల ముసుగు సర్దుతూ తాను ఏమనుకుంది? 'ఇప్పుడు మొగుడి కాగితాలు కూడా కావాలి. అవి రావడానికి ఏడాదో, రెండేళ్లో పడుతుంది. అందాకా నా దగ్గరే ఉంటుంది' అనుకుంది. ఎంత హాయిగా అనిపించిందో ఆ క్షణాన! పరువూ భయమూ నిజమే. ఆ హాయి కూడా నిజమే. చెల్లెలు అన్నదాంట్లో అబద్ధం లేదు.

మారివిక్ తిరిగొచ్చి కూర్చుంది. మొహం కడుక్కున్నట్టుంది. గొంతులో కోపం లేదు, కోపం ఉన్నా బాగుండేది.

"దాని పేరు తీసెయ్యమని రాస్తాను. నాకొక్కదానికే హక్కు వస్తుంది."

"ఎవరి కోసమే ఇంకా? వచ్చెయ్యవే ఇంటికి," అంది ఫిలొమెనా.

"వచ్చి నీ కొట్లో గిన్నెలు తోమనా? ఇంకో బిడ్డ వస్తోంది కదా. ఆ అబ్బాయి ఆటో డబ్బు పాలకి కూడా చాలదు." జెరిక్ తలెత్తలేదు. "రియా, చదువు మానకు. అవగానే నాలాగే పనికి వచ్చెయ్. ఎవరో ఒక ముసలావిడ దొరక్కపోదు. ఇప్పుడు ఆ దారి మూసేశారంటున్నారు. మళ్లీ ఎప్పుడో తెరవకపోరు. నీ హక్కు నువ్వే సంపాదించుకో."

"మరి బిడ్డ?" అంది రియాలిన్. కడుపు మీద చెయ్యి తనకు తెలియకుండానే పడింది.

"బిడ్డని చంకనేసుకుని పరాయింట్లో చాకిరీ కుదురుతుందా తల్లీ? నిన్ను నేను తెచ్చుకున్నానా?" మారివిక్ అక్కవైపు తిరిగింది. "నువ్వే పెంచాలక్కా. నువ్వు తప్ప మాకెవరున్నారు?"

ఎత్తిపొడుపేమో అని చూసింది ఫిలొమెనా. కాదు. నిజంగానే అడుగుతోంది. వద్దు, నా మాట విను, ఇంకో తల్లినీ బిడ్డనీ విడదియ్యొద్దు అని చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచింది కూడా.

"సరేనే," అంది.

అని, బల్ల మీద తల పెట్టుకుని భోరున ఏడ్చింది. రియాలిన్ చప్పున వచ్చి వాటేసుకుంది. "ఊరుకో పెద్దమ్మా, నీ మీద కోపం లేదు, ఊరుకో" అంటూ తానూ ఏడ్చింది. "ఏడవకక్కా, జరిగిందేదో జరిగిపోయింది" అంటూ అవతల మారివిక్ తువ్వాలుతో కళ్లు తుడుచుకుంది. ఇద్దరూ ఆవిడ పశ్చాత్తాపంతో ఏడుస్తోందనుకున్నారు. అది కాదు. నువ్వే పెంచాలి అన్న మాట చెవిన పడగానే, మళ్లీ ఇంట్లో ఒక పసిబిడ్డ, తనదే అయిన బిడ్డ తిరుగుతుందని ఆవిడకి సంతోషం కలిగింది. ఆ సంతోషం చూసుకునే ఏడుపొచ్చింది.