చేను పెద్దాయన ఇంటికొచ్చిన సాయంత్రం

స్కూలు వరండాలో ఐదో తరగతి పిల్లలు గడ్డి పరచుకుని కూర్చున్నారు. అందరూ గడ్డిదుడ్లు కడుతున్నారు.

"మధ్యలో ఎండిన చేమకాడ పెట్టండి. లేకపోతే చప్పుడు రాదు," అంటూ ఒకమురా టీచర్ వాళ్ళ మధ్య తిరుగుతోంది.

ఆ రోజు కోతలయ్యాక వచ్చే పదోరాత్రి పండుగ. సాయంత్రం పిల్లలు ఇంటింటికీ వెళ్ళి, పాట పాడుతూ ఈ గడ్డిదుడ్లతో వాకిట్లో నేలని బాదుతారు. అలా బాదితే నేల కింది ఎలుకలు పారిపోతాయని, వచ్చే ఏడు పంట బాగా వస్తుందని ఊళ్ళో నమ్మకం. బాదినవాళ్ళకి ప్రతి ఇంట్లోనూ తినడానికి ఏదో ఒకటి పెడతారు.

"స్కూలు అవగానే మా ఇంటి దగ్గరికి వచ్చెయ్యండి. ఎవరికోసమూ ఆగేది లేదు," అన్నాడు తకుమా.

"నేను కొంచెం ఆలస్యంగా వస్తా. చేను పెద్దాయన్ని తేవాలి," అంది మినోరి.

"నువ్వా? మీ తాతయ్య కదా తెచ్చేది?" అని వెంటనే నాలిక కరుచుకుంది రికో. మినోరి తాతయ్య ఎండాకాలంలో చనిపోయాడు.

తకుమా మాత్రం ఊరుకోలేదు. "అయితే ఇవాళ మినోరి గడ్డి పెళ్ళికొడుకుని వీపున మోసుకొస్తుందన్నమాట! ఒరేయ్, అందరూ దారి పక్కన నిలబడండిరా, ఊరేగింపు చూద్దాం!"

అందరూ పగలబడి నవ్వారు.

"తకుమా, దుడ్డు కట్టేది చేతులతో. నోటితో కాదు," అంది టీచర్.

మినోరి తల వంచుకుని దుడ్డుకి తాడు చుట్టింది. చెవులు వేడెక్కిపోయాయి.

ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద బంక బియ్యం ఉడుకుతున్న వాసన గుప్పుమంది. చూరు కింద, చెక్కు తీసిన పెర్సిమన్ పళ్ళు దండలుగా వేలాడుతున్నాయి. అమ్మానాన్నా ఫ్యాక్టరీ నుంచి రావడానికి ఇంకా చాలా సమయం ఉంది. నానమ్మ రోలు కడుగుతోంది.

"వచ్చావా తల్లీ! నువ్వు పెద్దాయన్ని తీసుకురా. ఈలోగా నేను ఈ అన్నం దంచి మోచి ఉండలు చేస్తాను. నా మోకాళ్ళు బాగుంటే నేనే వెళ్ళేదాన్ని."

"బరువుంటాడా నానమ్మా?"

"వసంతం నుంచి వానలో నానాడు, ఎండలో ఎండాడు. తుఫానుకి కూడా పడలేదు. ఎంత బరువున్నా ఆయన్ని నేల మీద ఈడ్చకూడదు. వీపున ఎక్కించుకుని రా."

మినోరి మెట్లు మెట్లుగా ఉన్న చేల వెంట పైకెక్కింది. కోతలైన మళ్ళలో మోళ్ళు మాత్రం మిగిలాయి. ఎదుటి కొండ శిఖరం మీద మొదటి మంచు సన్నగా, తెల్లగా కనిపిస్తోంది.

చిట్టచివరి మడిలో గడ్డిబొమ్మ నిలబడి ఉంది. తల మీద తాతయ్య టోపీ, ఒంటి మీద తాతయ్య నీలం కోటు. ఏడాదంతా పిట్టల నుంచి పంటని కాపాడిన ఈ బొమ్మనే ఊళ్ళో అందరూ చేను పెద్దాయన అంటారు. పండుగ రోజున ఆయన్ని ఇంటికి తెచ్చి, మోచి పెట్టి, కృతజ్ఞత చెప్పి, కట్టు విప్పి, చలికాలానికి కొండకి సాగనంపుతారు.

మినోరి కర్ర పట్టుకుని లాగింది. రెండోసారి లాగితే బొమ్మ ఊడి మీద పడింది. తడిగడ్డి ముక్కిన వాసన. మెడ మీద ఏదో పురుగు పాకింది.

"ఛీ!"

కింద ఊళ్ళోంచి అప్పుడే దుడ్ల చప్పుడు మొదలైంది. ధబ్, ధబ్, ధబ్. తకుమా వాళ్ళు బయల్దేరిపోయారు! ఈ బొమ్మని మోసుకుంటూ వెళితే వాళ్ళ ఎదురుగానే నడవాలి. ఊరేగింపు!

మినోరి గబగబా బొమ్మ తల మీది టోపీ తీసేసింది. చేతులు వెనక్కి విరిచి కోటు లాగేసింది. కోటు చుట్టి చంకలో పెట్టుకుంటే ఏముంది, ఎవరికీ కనిపించదు. మన పెరట్లో వెదురుకర్ర ఉంది. కొత్త గడ్డి ఉంది. కోటు తొడిగితే అదీ పెద్దాయనే. ఇదంతా గడ్డే కదా!

బట్టల్లేని బొమ్మని ఏం చెయ్యాలా అని చుట్టూ చూసింది. పక్క చేలో నిషిగాకి తాత పోగు చేసిన పొట్టూ గడ్డీ పెద్ద కుప్పగా ఉంది. బొమ్మని రెండు చేతులతో ఎత్తి, దాని వెనక పక్కకి విసిరేసింది.

పరుగున కిందికి దిగింది.

కొత్త బొమ్మ కట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. వాకిట్లో నిలబెట్టి, కోటు తొడిగి, టోపీ పెట్టింది. దూరం నుంచి చూస్తే తేడా ఏమీ తెలియలేదు.

"నానమ్మా, తెచ్చేశా! నేను ఆడుకోవడానికి వెళుతున్నా!"

"ఆగాగు. ఒక్కదాన్నే పెట్టనా? నువ్వూ ఉండాలి."

నానమ్మ పళ్ళెం పట్టుకుని మెల్లగా వచ్చింది. పళ్ళెంలో తెల్లటి మోచి ఉండల మీంచి ఆవిరి లేస్తోంది. పక్కన ఒక ముల్లంగి దుంప, ఆకులతో సహా. పళ్ళేన్ని బొమ్మ ముందు పెట్టి, నానమ్మ కోటు బొత్తాలు విప్పింది. చెయ్యి లోపలికి పెట్టి నడుము దగ్గర తడిమింది.

"ఏం వెతుకుతున్నావు నానమ్మా?"

"మీ తాతయ్య వేసిన ముడి. వసంతంలో బొమ్మ కట్టేనాటికి ఆయన కుడిచెయ్యి పడిపోయింది కదా. నేను కడతానంటే ఒప్పుకోలేదు. ఎడమచేత్తో చుట్టి, పళ్ళతో లాగి ముడి వేశాడు. ఒక పూటంతా పట్టింది. ఆయన చేసిన ఆఖరి పని అదే. ఒక్కసారి తడుముదామని..."

నానమ్మ చెయ్యి ఆగిపోయింది. వేళ్ళ మధ్య నుంచి ఒక పరక తీసి చూసింది. పొడిగా, పసుప్పచ్చగా ఉంది.

మినోరి ఒక అడుగు వెనక్కి వేసింది.

నానమ్మ తిట్టలేదు. కోటు బొత్తాలు ఒక్కొక్కటే మళ్ళీ పెట్టింది. టోపీ సరిచేసింది.

"ఎవరో కొత్తాయన వచ్చాడు. పరవాలేదు. వాకిట్లోకి వచ్చినవాళ్ళకి పెట్టాల్సిందే కదా," అని బొమ్మకి వంగి దణ్ణం పెట్టింది.

అంతే. ఇంకేమీ అడగలేదు.

నానమ్మ తిట్టి ఉంటే మినోరి ఏదో ఒక సాకు చెప్పేది. తిట్టకపోయేసరికి నానమ్మ చెయ్యి పట్టుకుంది.

"నానమ్మా... అది... నేనే. బరువని, వాళ్ళు నవ్వుతారని... పైనే వదిలేశా."

"ఎక్కడ?"

"నిషిగాకి తాత గడ్డికుప్ప వెనకాల."

నానమ్మ చటుక్కున తలెత్తి కొండవైపు చూసింది. మినోరి కూడా చూసింది. పై చేల దగ్గర నుంచి తెల్లటి పొగ లేస్తోంది. నిషిగాకి తాత కుప్ప అంటించాడు!

మినోరి చెప్పులు సరిగా తొడుక్కోనైనా తొడుక్కోకుండా పరుగెత్తింది. సందుమలుపులో రికో "ఏయ్, ఎక్కడికే?" అని అరిచింది. మినోరి ఆగలేదు. గట్ల మీద రెండుసార్లు కాలు జారింది. మోచెయ్యి దోక్కుపోయింది. పొగ దగ్గరయ్యేకొద్దీ కళ్ళు మండాయి.

కుప్ప ఒక పక్క ఎర్రగా రాజుకుంటోంది. నిషిగాకి తాత పంగలకర్రతో పొట్టు ఎగదోస్తున్నాడు.

"తాతా! ఆపండి! తాతా!"

"ఎవరూ? మినోరీ! దగ్గరికి రాకమ్మా, నిప్పు!"

"అందులో మా పెద్దాయన ఉన్నాడు! వెనక పక్క!"

తాత పంగలకర్ర తిప్పి పట్టుకుని వెనక్కి పరుగెత్తాడు. పొగలోకి పంగలకర్ర దించి గట్టిగా లాగాడు. గడ్డిబొమ్మ బయటికి దొర్లింది. ఎడమచెయ్యి నిప్పు అంటుకుని కాలుతోంది. తాత ఆ చేతిని బురదలో పెట్టి తొక్కాడు. చుయ్యిమని చప్పుడైంది.

మినోరి వచ్చి బొమ్మ పక్కన కూర్చుంది.

"అయ్యో, నేను చూసుకోలేదమ్మా," అన్నాడు తాత రొప్పుతూ. "చూసినా గడ్డిమోపే అనుకునేవాణ్ణి. కోటూ టోపీ లేకపోతే ఎలా గుర్తుపట్టను?"

మినోరి బొమ్మ నడుము దగ్గర వెతికింది. ముడి ఉంది. వంకరగా, ఉబ్బెత్తుగా, రెండు ముళ్ళు కలిసిపోయినట్టు ఉంది. దానికి ఏమీ కాలేదు.

"తాతా, కొంచెం వీపు మీదికి ఎత్తుతారా?"

"చీకటి పడుతోంది. నేను తెచ్చిస్తాలే."

"వద్దు తాతా. నేనే మొయ్యాలి."

నిషిగాకి తాత బొమ్మని ఎత్తి ఆమె వీపున ఆనించాడు. తన మెడలోని టవల్ తీసి బొమ్మ మెడకి చుట్టాడు. "బట్టల్లేకుండా చలిలో ఎలా వెళతాడు? ఊఁ, జాగ్రత్త. మెల్లగా దిగు."

బొమ్మ నిజంగానే బరువుగా ఉంది. తడి మెల్లగా చొక్కాలోకి దిగింది. పదోనాటి చంద్రుడు అప్పటికే నడినెత్తి దగ్గరున్నాడు. ఆ వెలుతురులో దారి తెలుస్తోంది.

ఊళ్ళోకి వచ్చేసరికి పిల్లలంతా ఒక ఇంటి ముందు దుడ్లు బాదుతున్నారు. మినోరి పక్క సందులోకి తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. రోడ్డు మధ్యనే నడిచింది.

"ఒరేయ్, వచ్చాడ్రా పెళ్ళికొడుకు! అదేంటే, చెయ్యి కాల్చుకున్నాడా వంట చేస్తూ?" అన్నాడు తకుమా.

ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"నేనే కాల్చాను," అంది మినోరి. "మా తాతయ్య కట్టిన బొమ్మ ఇది. దారివ్వు తకుమా. ఆగితే మళ్ళీ ఎత్తుకోలేను."

తకుమా దుడ్డు దించి పక్కకి జరిగాడు. ఒక్కొక్కరే అందరూ జరిగారు. మినోరి వాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది.

నానమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. బొమ్మని చూసింది. కాలిన చేతిని చూసింది. మినోరి దోక్కుపోయిన మోచేతిని కూడా చూసింది.

"చెయ్యి పోయింది నానమ్మా. నా వల్లే."

"ఊఁ," అంది నానమ్మ. పరవాలేదనలేదు. కొత్త బొమ్మ మీది కోటు తెచ్చి పెద్దాయనకి తొడిగి, టోపీ పెట్టింది. ఎడమ చెయ్యి ఖాళీగా వేలాడింది. దాన్ని మడిచి పిన్ను పెట్టింది. తరవాత కోటు లోపల చెయ్యి పెట్టి ముడిని తడిమింది. 

మోచి చల్లారిపోయింది. నానమ్మ మళ్ళీ వేడి ఉండలు తెచ్చి పళ్ళెం మినోరి చేతికిచ్చింది.

"ఈసారి నువ్వు పెట్టు."

మినోరి పళ్ళెం పెట్టి వంగి దణ్ణం పెట్టింది. తాతయ్య ఏటా అనే మాటలు ఏవో ఉండేవి. ఎప్పుడూ శ్రద్ధగా వినలేదు. అందుకే తనకి తోచిందే అంది.

"ఇన్నాళ్ళూ మా చేలో ఒక్కరే నిలబడ్డారు. నేను మిమ్మల్ని చలిలో విసిరేశాను. క్షమించండి. వేడిగా ఉంది, తినండి."

గాలికి టోపీ అంచు కొద్దిగా కదిలింది.

కాసేపయ్యాక నానమ్మ కోటు విప్పి మడత పెట్టింది. "ఇక ముడి విప్పమ్మా. పెద్దాయన ఈ రాత్రే కొండెక్కాలి."

"విప్పేస్తే తాతయ్య ముడి ఇంకుండదు కదా నానమ్మా! ఉంచుకుందాం."

"నాకూ ఉంచుకోవాలనే ఉంది." నానమ్మ టోపీ తీసి కోటు మడత మీద పెట్టింది. "కానీ ఏటా ఆయనే విప్పి పంపేవాడు. ఎవరినీ కట్టేసి ఉంచకూడదనేవాడు. నా వేళ్ళకి పట్టు లేదు. నువ్వే విప్పాలి. కత్తెర వద్దు."

మినోరి గోళ్ళతో లాగింది. కదల్లేదు. తాడు చివర ఎటు పోయిందో వేలితో వెతికింది. ఒక చోట తాడు నలిగి, పీచు లేచి ఉంది. తాతయ్య పళ్ళతో పట్టుకున్నది అక్కడే. ఆమె కూడా అక్కడే పళ్ళతో పట్టుకుని, ఎడమచేత్తో మెల్లగా వదులు చేసింది. ఒక మెలిక ఊడింది. మరొకటి. తాతయ్య ఎటు తిప్పాడో, ఎక్కడ ఆగాడో, ఎక్కడ జారితే మళ్ళీ చుట్టాడో ఒక్కొక్కటే చేతికి తెలుస్తోంది.

సందు చివర దుడ్ల చప్పుడు వినిపించింది. రికో గొంతు కూడా. మినోరి తలెత్తలేదు.

ఆఖరి మెలిక ఊడగానే గడ్డి ఒక్కసారిగా ఒరిగింది. మినోరి రెండు చేతులూ చాపి మొత్తం గడ్డిని పొదివి పట్టుకుంది. ఒక్క పరక కూడా జారకుండా మెల్లగా వంగి, నేల మీద పడుకోబెట్టింది.