ఓడ్రిక్ బిషప్ గారి ముక్కు

చీకటి పడ్డాక ఉత్తరపు నడవలోకి మా ఊళ్లో ఎవరూ వెళ్లరు. పెద్ద చర్చిలో ఓడ్రిక్ బిషప్ గారి సమాధి అక్కడే ఉంది. నాలుగొందల ఏళ్ల నాటి రాతి బొమ్మ, చేతులు జోడించి వెల్లకిలా పడుకుని ఉంటుంది. ముక్కు మాత్రం లేదు. యుద్ధం రోజుల్లో సిపాయిలు సుత్తితో కొట్టేశారట. అప్పట్నుంచీ ఆయన దాన్ని వెతుక్కుంటున్నారని చెప్పుకుంటారు. నవ్వకండి... చర్చి తాళాలు చూసుకునే మా తాతే, వానలో తడుస్తూ బయటి నుంచి చుట్టూ తిరిగి వెళ్లేవాడు గానీ ఆ నడవ తొక్కేవాడు కాదు.

ఇది మా తాత చెప్పిందే.

టాప్‌సెల్ అని ఒకాయన లండన్ నుంచి వచ్చాడు. బొమ్మ గీసుకుని, దాన్ని రాగి రేకు మీద చెక్కి అచ్చు వేయడం ఆయన పని. చర్చికి పెద్ద అయిన డీన్ పెంబ్లీ గారు సమాధులన్నిటి మీదా పుస్తకం వేయిస్తున్నారు. ఈ ఒక్క బొమ్మ నచ్చితే మిగతా ముప్ఫై సమాధులూ టాప్‌సెల్‌వే. నచ్చకపోతే మళ్లీ టీ పొట్లాలకి చైనా వాళ్ల బొమ్మలు చెక్కుకుంటూ బతకాలి. పదకొండేళ్లు అవే చెక్కి చెక్కి పాపం విసిగిపోయాడు.

విరిగిన ముక్కుని బొమ్మలో అతికించడం వాళ్ల వృత్తిలో మామూలే, ఎవరూ తప్పనుకోరు. టాప్‌సెల్ ఓ కోటేరు ముక్కు గీసి, కాగితం సమాధి మీదే పెట్టి వెళ్లాడు. పొద్దున వచ్చి చూస్తే — ముక్కు లేదు. ముఖమంతా అలాగే ఉంది, ముక్కొక్కటే చెరిగిపోయింది. మర్నాడు కాస్త లావుపాటి ముక్కు గీశాడు. అదీ పోయింది.

ఊరంతా గుప్పుమంది. బిషప్ గారికి అరువు ముక్కులు నచ్చడం లేదన్నారు. ఉన్నది ఉన్నట్టు గీసి పొమ్మని మా తాత బతిమాలాడు. టాప్‌సెల్ వినలేదు. ముక్కులేని బిషప్‌ని డీన్ గారు మెచ్చరని అతని భయం.

మూడో రోజు మరో ముక్కు గీసి, సాయంత్రం ప్రార్థన అయ్యాక స్తంభం వెనక నక్కాడు. జనవరి నెల... అప్పటికే కటిక చీకటి. అడుగుల చప్పుడు... ఓ దీపం... తెల్లటి పొడుగు అంగీ... ఆ ఆకారం సమాధి మీదికి వంగి, బిషప్ గారి మొహం పక్కన తన మొహం పెట్టింది.

టాప్‌సెల్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. "ఎ... ఎవరది?"

"ష్... నేనేనయ్యా," అన్నారు డీన్ గారు, ప్రార్థన అంగీలోనే.

ఆయనకి కాస్త సిగ్గేసింది. ఎవరి ముక్కూ బిషప్ గారికి నచ్చడం లేదు గదా, తనదేమైనా సరిపోతుందేమో చూసుకుందామని వచ్చానన్నారు. పుస్తకం మీద ఎలాగూ తన పేరుంటుంది, లోపల ముక్కు కూడా ఉంటే తప్పేముందన్నారు.

టాప్‌సెల్‌కి ప్రాణం లేచొచ్చింది. ముప్ఫై సమాధులూ చేతిలో పడ్డట్టే. కాగితం మీది ముక్కు చెరిపేసి, ఆ దీపం వెలుగులోనే డీన్ గారి ముక్కుని, కొసనున్న పులిపిరితో సహా దించేశాడు.

"రెండు రోజులుగా హడలగొట్టి చంపారు అయ్యగారూ," అన్నాడు నవ్వుతూ. "చెరిపే బదులు ఓ మాట చెబితే పోయేదిగా."

డీన్ గారు నవ్వలేదు. "నేను చెరపడమేమిటి? ఇవాళేగా వచ్చింది..."

ఇద్దరూ మెల్లిగా కాగితం వైపు తిరిగారు. పులిపిరి ఉంది — ముక్కు లేదు.

"ఉన్నది ఉన్నట్టే చెక్కవయ్యా," డీన్ గారు టాప్‌సెల్ చెయ్యి పట్టుకున్నారు. "ఆ ముప్ఫైయే కాదు, రేపు నా సమాధి బొమ్మ కూడా నువ్వే చెక్కుదువుగాని. తలుపు దాకా మాత్రం నా చెయ్యి వదలకు."