చుక్కల తర్వాత అంకె

అతను ఉద్యోగంలో చేరిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం పార్సిళ్ళన్నీ ఆగిపోయాయి.

నిజానికి పార్సిళ్ళు బాగానే ఉన్నాయి. అవి ఎక్కడిదాకా వెళ్ళాయో చూపించే ప్రోగ్రాం ఆగిపోయింది. ఆ ప్రోగ్రాం రాసేది ఒక చిన్న ఆఫీసు. ఒకటే గది, ఆరు బల్లలు, కిటికీ కింద మంచినీళ్ళ డబ్బా. సర్వర్‌లో జాగా మొత్తం నిండిపోయింది. ఎవరు నింపారా అని వెతికితే, కొత్తగా వచ్చిన అతను తేలాడు.

ప్రోగ్రాం తను చేసిన పనుల్ని ఎప్పటికప్పుడు ఒక ఫైల్‌లో రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. మనం డైరీ రాసుకున్నట్టే. ఎక్కడైనా తప్పు జరిగితే ఆ ఫైల్ తెరిచి, ఏ గంటకి ఏం జరిగిందో చూసుకుంటారు. అతను ఒక్కో పార్సిల్ కదిలినప్పుడల్లా దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ అందులోకి దింపేశాడు.

అతని పక్క బల్ల ఆమెది. ఆమె కుర్చీ తిప్పి అడిగింది. "ఒక్క పార్సిల్‌కి పన్నెండు వందల లైన్లా?"

"ఏది అవసరం పడుతుందో ముందే తెలియదు కదండీ. అందుకని అన్నీ..."

"దురద ఎక్కడుందో తెలియకపోతే ఒళ్ళంతా గోక్కుంటారా?"

గదంతా నవ్వింది. ఆ రోజు నుంచి అతని పేరు చాటభారతం. ఆమెకి ముక్తసరి అనే పేరు రెండేళ్ళ కిందటే పెట్టేశారు. ఎవరైనా "భోంచేశావా?" అంటే "ఊఁ" అంటుంది. అదీ పెద్ద సారు అడిగితేనే.

ఆ సాయంత్రమే ఆమె తను రాసుకున్న చిన్న ప్రోగ్రాం ఒకటి అతనికి ఇచ్చింది. ఎంత పెద్ద సమాచారాన్నయినా అది ఒక్క లైన్‌లో చూపిస్తుంది. జాబితా అయితే మొదటి మూడు, మాటలైతే మొదటి నలభై అక్షరాలు. ఆ తర్వాత మూడు చుక్కలు, వాటి పక్కన మిగిలినవి ఎన్నో చెప్పే అంకె.

"ఇంత కోసేస్తే ఏం తెలుస్తుందండీ?" అన్నాడు అతను.

"ఏదో ఉందని తెలుస్తుంది. కావాలంటే అసలు ఫైల్ తెరవండి."

"మరి ఆ అంకె ఎందుకు?"

ఆమె మొదటిసారి ఒక పొడుగాటి వాక్యం మాట్లాడింది. "చుక్కల తర్వాత అంకె చూడకుండా ఎవరూ ఏదీ తేల్చేయకూడదు, అందరూ మర్చిపోయేది అదే."

అతను అది కాగితం మీద రాసి తన స్క్రీన్‌కి అంటించుకున్నాడు. ఆమె చూసి, నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది. అది అతనికి కనిపించింది.

అలా నాలుగు నెలలు గడిచాయి. అతను వాగుతుంటే ఆమె పని చేసుకునేది. అతను నోరు మూసుకుంటే మాత్రం తలెత్తి, "ఏమైంది?" అనేది. వాన పడిన రోజున ఇద్దరూ ఒకే గొడుగులో బస్టాప్ దాకా నడిచారు. దారంతా అతను గొడుగుల గురించే మాట్లాడాడు. బస్సెక్కేముందు ఆమె, "మీ ఎడమ భుజం మొత్తం తడిసింది" అంది. ఆ ఒక్క మాటని అతను వారం రోజులు తలుచుకున్నాడు.

ఒక సోమవారం పెద్ద సారు వచ్చి ఆమె బల్ల దగ్గర నిలబడ్డాడు.

"అమ్మాయీ, మన రెండో ఆఫీసులో నీలాంటి మనిషి కావాలంటున్నారు. రాత్రంతా రైలు ప్రయాణం, దూరమే. బలవంతం లేదు. శుక్రవారంలోగా ఏ సంగతీ చెప్పు."

"ఊఁ" అంది ఆమె.

పక్క బల్ల దగ్గర చాటభారతం అది విన్నాడు. అంత వాగుడుకాయ కూడా ఆ రోజు ఒక్క ముక్క మాట్లాడలేదు. మంగళవారం కూడా అంతే. బుధవారం అతనికి ఒక ఆలోచన తట్టింది.

రోజూ పొద్దున ఉత్తుత్తి పార్సిళ్ళు కొన్నింటిని ప్రోగ్రాంలోకి పంపి, అవి సరిగ్గా నడుస్తున్నాయో లేదో లాగ్‌లో చూడటం ఆమె పని. అతను అందులోకి ఇంకొకటి చేర్చాడు. పంపేవారు చాటభారతం. అందుకునేవారు ముక్తసరి. కింద గమనిక అనే చోట తన మనసులో ఉన్నదంతా రాసేశాడు. రాసి, ఆమె ముఖం చూసే ధైర్యం లేక, టీ తాగొస్తానని మెట్లు దిగి పారిపోయాడు.

లాగ్‌ని కోసి చూపించేది ఆమె రాసిన ప్రోగ్రామేనన్న సంగతి, ఆ కంగారులో మహానుభావుడికి గుర్తేలేదు.

ఆమె స్క్రీన్ మీద ఇలా కనిపించింది:

గమనిక: చూసిన మొదటి రోజే మీ మీద ఒళ్ళు మండింది. మీతో పనిచేయడం నా వల్ల కాద... 584

ఆమె 'నా వల్ల కాద' దాకా రెండుసార్లు చదివింది. తర్వాత కిటికీలు రెండూ మూసేసింది, స్క్రీన్ మీదిదీ, గోడకున్నదీ.

గురువారం అతను ఉండబట్టలేక అడిగాడు. "గమనిక... చూశారా?"

"చూశాను."

"మరి?"

"బదిలీకి ఒప్పుకుంటున్నాను."

"అంతేనా?"

"అంతే."

ఆ సాయంత్రం వాన మొదలైంది. ఆమె అక్క దగ్గర ఉంటుంది. ఇద్దరూ డాబా మీద ఆరేసిన బట్టలు గబగబా లాగుతున్నారు.

"వెళ్తున్నానక్కా, రెండో ఆఫీసుకి" అంది ఆమె.

"హఠాత్తుగా ఏమొచ్చిందే?"

ఆమె చెప్పింది. గమనికలో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది.

అక్క దుప్పటి భుజాన వేసుకుని నిలబడిపోయింది. "నిన్ను తిట్టడానికి పక్క బల్ల వాడు పార్సిల్ కట్టాలా? నోరు పడిపోయిందా? 'నా వల్ల కాద' తర్వాత ఏముంది?"

"చుక్కలు."

"చుక్కల తర్వాత?"

ఆమె నోరు తెరిచింది. చేతిలోని తడి తువ్వాలు జారి కింద పడింది.

"అంకె" అంది నెమ్మదిగా. "అంకె ఉందక్కా. నేను చూడలేదు."

"నాతో సహా ఊరందరికీ పాఠం చెప్పావు, నీ దాకా వచ్చేసరికి నీకే గుర్తులేదు. ముందు ఆ తువ్వాలు తియ్యి, తడుస్తోంది."

శుక్రవారం పొద్దున ఆఫీసు తలుపు తెరిచింది ఆమే. లైటు కూడా వేయకుండా అసలు ఫైల్ తెరిచింది.

"...నా వల్ల కాదనుకున్నాను. రెండో వారానికి మీరు నవ్వు ఆపుకోవడం కనిపెట్టాను. ఇప్పుడు మీ చేత పెదవి కొరికించడమే నా అసలు ఉద్యోగం. మీరు ఒక మాట అంటే వారం రోజులు దాచుకుని వాడుకుంటున్నాను. మీరు వెళ్ళిపోతే నా సరుకు అయిపోతుంది..." ఇలా ఇంకా చాలా ఉంది. గొడుగు గురించీ ఉంది. చివర, "వెళ్ళొద్దని అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను" అని ఉంది.

తలుపు చప్పుడైంది. చాటభారతం వచ్చాడు. ఆమె స్క్రీన్ నిండా తన రాత చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మళ్ళీ ఎందుకు చదువుతున్నారండీ? జవాబు చెప్పేశారుగా."

"మళ్ళీ కాదు. ఇప్పుడే చదివాను."

"నిన్న చూశానన్నారు?"

"మొన్న నలభై అక్షరాలే చూశాను."

అతను స్క్రీన్‌కి అంటించిన కాగితం వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. "అంటే మీకు కనిపించింది ఒళ్ళు మండిన ముక్కేనా? అయ్యో రామా! నేను మొదలుపెట్టడమే తిన్నగా..."

"నువ్వు కాసేపు ఆగు" అంది ఆమె.

నువ్వు అనగానే అతను ఆగిపోయాడు.

అప్పుడే పెద్ద సారు గొడుగు విదిలిస్తూ లోపలికి వచ్చాడు. "ఏమ్మా, ఏం తేల్చుకున్నావు?"

"వెళ్ళను సార్. ఇక్కడే ఉంటాను."

"కారణం?"

"ఉంది సార్."

పెద్ద సారు ఆమెని చూసి, అతన్ని చూసి, స్క్రీన్ వంక చూడబోయి మర్యాదగా తల తిప్పుకున్నాడు. "సరే, ఆ కారణానికి పార్సిళ్ళు ఆపొద్దని చెప్పు" అని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

చాటభారతం గొంతు సవరించుకున్నాడు. "నేను అంత పెద్దది రాశాను. నువ్వు ఉంటానన్నావు. అంతేనా?"

ఆమె పెదవి కొరుక్కోలేదు. ఈసారి నవ్వేసింది.

"కాదు, ఇంకా ఉంది."

"ఎంత?"

"అంకె వేయలేదు" అంది ఆమె. "సాయంత్రం గొడుగు తీసుకురా. బస్టాప్ దాకా నేను మాట్లాడతాను."