మచ్చలేని శాలువా

2071లో వంశధార ఒడ్డున ఉన్న పెద్దాసుపత్రిలో అడుగు పెట్టాలంటే ముందు గుమ్మానికి అమర్చిన గడపరి అనే యంత్రం చేత మాట పడాలి. కలెక్టరైనా, కూరగాయల బండి తోసుకొచ్చే మనిషైనా దానికి ఒకటే.

"ఎడమ మణికట్టు, గడియారం కింద. కడుక్కుని రండి," అంటుంది ఆ ద్వారబంధం. అన్నచోటే చర్మం మీద ఊదారంగు చుక్కలు వెలుగుతాయి. ఎవరూ నొచ్చుకోరు. పక్కనున్న కుళాయి దగ్గర కడుక్కుని మళ్లీ వస్తారు. ఆ ఊళ్లో బడికీ, క్షౌరశాలకీ, కబడ్డీ మైదానానికీ కూడా గడపరులున్నాయి.

వాటిని కనిపెట్టింది ఆ ఆసుపత్రిలోనే పనిచేసే డాక్టర్ హన్విక. ఆ సంగతి ఆవిడ తనంతట తాను చెప్పుకోదు గానీ, ఎవరైనా చెబుతుంటే వద్దనదు.

గర్వపడాల్సిన పనే మరి. ఒకప్పటి జనం జలుబు చేసినా యాంటీబయాటిక్కే, ఒళ్లు నొప్పులొచ్చినా యాంటీబయాటిక్కే మింగారు. కాస్త తగ్గగానే మిగతా మాత్రలు సొరుగులో పడేశారు. కోళ్ల దాణాలోనూ కలిపారు. దెబ్బ తిని బతికిన క్రిములు ఆ మందుల్ని ఓర్చుకోవడం నేర్చాయి. వాటిలో మహా మొండిది స్టెఫైలోకాకస్. సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తిలా కనబడుతుందని హన్విక దానికి గుత్తిక్రిమి అని పేరు పెట్టింది. మొదట ఆసుపత్రి వార్డుల్లో తిష్ఠ వేసిన క్రిమి తర్వాత హాస్టళ్లకీ, జిమ్ములకీ, ఇళ్లకీ పాకింది. హన్విక పదోతరగతిలో ఉండగా ఆమె మేనమామ మోకాలి మీద సెగ్గడ్డ లేచి తొమ్మిది రోజుల్లో పోయాడు. ఏ మందూ పనిచేయలేదు. ఆ కసితోనే ఆవిడ పాతికేళ్లు కూర్చుని 'జాడకాంతి' కనిపెట్టింది. గడపరులు వేసే ఆ కాంతి, మందులకు లొంగని గుత్తిక్రిమి మీద పడితేనే ఊదాగా వెలుగుతుంది.

ఆ గురువారం నాటికి ఆసుపత్రిలో ఎవరికీ కొత్తగా గుత్తిక్రిమి అంటకుండా తొమ్మిది వందల తొంభై ఏడు రోజులైందని ముంగిట్లో బోర్డు చెబుతోంది. వెయ్యో రోజుకి పెద్ద సభ. దేశం నలుమూలల నుంచీ డాక్టర్లు వస్తున్నారు.

సరిగ్గా అప్పుడే కాలిన గాయాల వార్డులో యశస్వి అనే అతనికి మూడోసారి జ్వరం వచ్చింది.

జీడిపప్పు కర్మాగారంలో బాయిలర్ ఆవిరికి అతని వీపంతా కాలిపోయింది. అతని చర్మం నుంచే ప్రయోగశాలలో కొత్త చర్మం పెంచి అతికించారు. గుత్తిక్రిమి దాన్ని తినేసింది. క్రిమిని తినే వైరస్‌ని, అంటే క్రిమిభక్షిని, ఎక్కించి తగ్గించారు. మళ్లీ అతికించారు. మళ్లీ అదే కథ. మూడోసారి అతికించినది ఇప్పుడు భుజం దగ్గర ఎర్రబడుతోంది. ఇది కూడా పోతే మళ్లీ కొత్త చర్మం పెరిగేదాకా అతను తట్టుకోలేడు.

"ఏటి డాట్రమ్మా, నా ఈపు నిలబడతాదా?" అని అడిగాడు యశస్వి. హన్విక అతని జ్వరం చీటీ తీసుకుని సూపరింటెండెంట్ గదికి నడిచింది.

సూపరింటెండెంట్ రిత్విక్‌బాబు గారు మాత్రం తాపీగా ఉన్నారు. "మొదటి రెండుసార్లూ ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్నదే అని రాశాం కదమ్మా. ఇదీ అంతే అనుకోండి. లేదా విశాఖ పంపేద్దాం. మూడు రోజుల్లో సభ."

ఆ రెండుసార్లూ కింద సంతకం పెట్టింది తనేనని హన్వికకి గుర్తొచ్చింది. ఆవిడ తిన్నగా ద్వారం దగ్గరికి వెళ్లింది.

"యశస్వి గదిలోకి వెళ్లినవాళ్లలో ఎవరి మీదైనా గుత్తిక్రిమి ఉందా?"

"మనుషుల మీద లేదు," అంది గడపరి.

"మరి దేని మీద ఉంది?"

"అది చెప్పొద్దన్నారు."

"ఎవరన్నారు?"

"మీరే."

గడపరి నెమ్మదిగా వినిపించింది. రెండేళ్ల కిందటి ఆవిడ గొంతే అది, చిరాకు పడుతున్న గొంతు: "జరీ మెరుపు చూసి ఊదా అంటోంది, తిక్కమొహంది. అతిథుల ముందు తలవంపులు తెస్తోంది. ఇకనుంచి ఈ శాలువా వస్తే నువ్వు నోరు మెదపకు."

శాలువా. నెలంతా క్రిమి అంటని వార్డుకి గౌరవంగా ఇచ్చే పొందూరు నేత శాలువా. దాన్ని ఉతికితే పరువు నీళ్లలో కలిసిపోతుందన్నట్టు ఎవరూ ఉతకలేదు. భుజం నుంచి భుజానికి, వార్డు నుంచి వార్డుకి తిరుగుతూనే ఉంది.

"ఎన్నిసార్లు చూశావు?"

"నాలుగు వందల పన్నెండు సార్లు. ప్రతిసారీ ఊదానే. జరీ మీద కాదు, మడతల్లో."

హన్విక వార్డుకి పరుగెత్తింది. సిస్టర్ మోక్షిత ఉత్సాహంగా చెప్పింది: "అతను లేచి నిలబడినప్పుడల్లా కప్పి ఫొటో తీత్తన్నాం మేడమ్. మూడుసార్లూ కప్పినాం. పాపం, ఎంత మురిసిపోయేడో."

లేచి నిలబడ్డందుకు కప్పడం, కప్పగానే పడుకోబెట్టడం. మూడుసార్లు జరిగిందదే. హన్వికకి మోక్షిత మీద కోపం రాలేదు. అంత సిగ్గు ఆవిడ జీవితంలో ఎన్నడూ పడలేదు.

శాలువాని సంచిలో మూసి, ఆసుపత్రి చెత్త కాల్చే కొలిమికి పంపించింది. గది కడిగించి, యశస్వికి తన చేత్తోనే క్రిమిభక్షి ఎక్కించింది. వెయ్యో రోజు సభలో మైకు ముందు నిలబడి చెప్పింది: "గడపరి ఒక్కసారీ తప్పలేదు. దాని నోరు నొక్కింది నేను. అంటించింది మేము. తప్పు సంతకం కూడా నాదే." అంతమంది చూస్తుండగా వెళ్లి బోర్డు మీద అంకె తుడిచి సున్నా రాసింది. రిత్విక్‌బాబు గారు తలెత్తలేదు.

యశస్వి వీపు నిలబడింది.

ఇంటికి వెళ్లే రోజున అతను తన కాళ్ల మీద తను నడిచి ముంగిట్లోకి వచ్చాడు. బోర్డు మీద ఇరవై రెండు అని ఉంది. హన్విక దానికేసి చూసుకుంది. పాత తొమ్మిది వందల తొంభై ఏడుని చూసి కూడా ఇంత గర్వపడలేదు ఆవిడ. ఈ ఇరవై రెండులో దాచింది ఏదీ లేదు.

అంతలో రిత్విక్‌బాబు గారు కారు దిగి గబగబా వచ్చారు. వెనకే ఇద్దరు ఫొటోలు తీసేవాళ్లు. ఆయన చేతిలో అట్టపెట్టె, అందులో కొత్త శాలువా.

"ఇంత నిజాయితీని ఊరికే వదిలేస్తామా అమ్మా? ఇక నుంచి ఏటేటా తప్పు ఒప్పుకున్నవారికి ఈ శాలువా. మొదటిది మీకే. ఇలా తిరగండి, ఫొటోలో బోర్డు కూడా పడాలి."

హన్విక ఒక్క క్షణం బోర్డు వైపు తిరగబోయి, ఆగింది. "ముందు ఆ గడపలో నిలబడండి సార్. గడపరీ, ఈసారి నీ నోటికి అడ్డు లేదు. చెప్పు."

ఆయన శాలువా విప్పి రెండు చేతుల మీదా పరుచుకుని గడపలో నిలబడ్డారు. ఫొటోలవాళ్లు సిద్ధమయ్యారు.

"శాలువా శుభ్రంగా ఉంది," అంది గడపరి. "కప్పే చేతులే కడుక్కోవాలి."