కుర్చీకి నాలుగు పళ్లు

"మా కుర్చీ నోరు నొక్కేశారు మీరు!"

వానలో తడిసి ముద్దయిన మనిషి షాపు గుమ్మంలో నిలబడి అన్న మొట్టమొదటి మాట అది. వెనకాల ఆగిన వ్యానులో ఊగే కుర్చీ ఒకటి ప్లాస్టిక్ పట్టా కప్పుకుని దర్జాగా ఉంది. తను తడిసినా కుర్చీని తడవనివ్వలేదన్నమాట. ఆ సంగతి లోపల పని చేసుకుంటున్న అమ్మాయి గమనించింది గానీ, ముఖం మీద పడిన నింద ముందు అది లెక్కలోకి రాలేదు.

చేతిలో చిత్రిక పక్కన పెట్టింది. పాత కుర్చీలూ బీరువాలూ బాగుచేసే ఆ షాపులో తండ్రి పాలిష్ చూసుకుంటాడు, చెక్క పనంతా ఆమెదే. పన్నెండేళ్ల వయసులో రంపం పట్టిన రోజు నుంచీ తండ్రి ఆమెని 'మేస్త్రీ' అనే పిలుస్తాడు. ఇప్పుడు వీధి వీధంతా అలాగే పిలుస్తుంది.

"ఏమైందండీ? విరిగిందా?"

"లేదు."

"ఊగట్లేదా?"

"బ్రహ్మాండంగా ఊగుతోంది."

"మరి?"

"చప్పుడు చెయ్యట్లేదు!"

మేస్త్రీ తండ్రి వైపు చూసింది. ఆయన పాలిష్ గుడ్డ మూతికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాడు.

ఆమెకి ఒళ్లు మండింది. మండదూ మరి? ఆ కుర్చీ మీద పన్నెండు రోజులు నడుం వంచింది. పద్నాలుగు అతుకులు విప్పి, పాత జిగురు గీకి, మళ్లీ బిగించింది. ఇంటికి పంపే రోజు దాన్ని వేలితో ఒక్కసారి నెట్టి, పిల్లిలా చడీచప్పుడూ లేకుండా ఊగుతుంటే చూసి తెగ మురిసిపోయింది. కుర్చీని తెచ్చిందీ, తిరిగి అప్పజెప్పిందీ తండ్రే కాబట్టి ఈ మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు. వీధి చివర క్లినిక్ పెట్టిన పళ్ల డాక్టరని బోర్డు మీద ఫొటో వల్ల పోల్చుకుంది.

"డాక్టర్ గారూ, పన్ను నొప్పని మీ దగ్గరికొచ్చినవాళ్లు, తగ్గాక మళ్లీ వచ్చి 'మా నొప్పి మాకిచ్చెయ్' అని గొడవ చేస్తారా?"

"చెయ్యరు. ఎందుకంటే వాళ్లెవరూ మా నానమ్మ కాదు."

అతను అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. కోపం కన్నా బెంగే ఎక్కువుంది ముఖంలో.

"నానమ్మకి చూపు ఆనక ఆరేళ్లయిందండీ. ఇంట్లో ప్రతిదాన్నీ చప్పుడుతోనే గుర్తుపడుతుంది. మా ఇంటికి మెట్లెక్కువ, ఆవిడ మోకాళ్లు మొరాయిస్తున్నాయి. అందుకే ఇల్లు అమ్మేసి, క్లినిక్ పైనే లిఫ్టున్న ఫ్లాట్ తీసుకున్నాం. 'నా కుర్చీ వస్తే నేనూ వస్తా' అంది. పోనీ కొత్తింటికి నీటుగా తీసుకెళ్దామని మీకిచ్చాం. నిన్న కూర్చుంది, రెండుసార్లు ఊగింది, లేచి నిలబడింది. 'ఇది నాది కాదురా, ఎవరో మార్చేశారు. నా కుర్చీ రానిదే గుమ్మం దాటను' అని భీష్మించుకుంది. ఒకటో తారీఖుకి ఇల్లు అప్పజెప్పాలి. ఇవాళ ఇరవై."

"నచ్చజెప్పి చూడండి."

"నచ్చజెప్పొచ్చు. ఎత్తుకునీ తీసుకెళ్లొచ్చు. కానీ ఏడుస్తూ కొత్తింట్లో అడుగుపెట్టిన మనిషికి అది ఎప్పటికీ సొంతిల్లు కాదండీ."

ఆ మాటతో మేస్త్రీ కోపం సగం చప్పబడింది. మిగతా సగాన్ని పరువు కోసం అట్టే పెట్టుకుంది.

"సరే. ఆ చప్పుడెలా ఉండేది?"

"అంటే... నోటితో చెయ్యాలా?"

"నోరు తెరవండి. భయపడకండి, నొప్పేం ఉండదు."

"అది నేననే మాటండీ!"

"ఇవాళ నాది."

డాక్టరు అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, కళ్లు మూసుకున్నాడు. "కిర్‌ర్‌ర్... టక్."

తండ్రి చేతిలో పాలిష్ డబ్బా జారబోయి ఆగింది.

ఆ రోజు నుంచీ మధ్యాహ్నం క్లినిక్ మూసే వేళకి డాక్టరు షాపులో హాజరు. మేస్త్రీ ఒక మర వదులు చేసేది, ఒక అతుకు సడలించేది. అతను కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని ఊగి, తీర్పు చెప్పేవాడు.

"ఇది తలుపు."

ఇంకో మర.

"ఇది కొత్త చెప్పులు."

ఇంకో అతుకు.

"ఇది అచ్చం మా మావయ్య గురక!"

"మీకు చెవులా, ఇంకేమైనానా?" అని విసుక్కుంటూనే ఆమె పడీపడీ నవ్వేది. కళ్లు మూసుకుని ఊగే మనిషిని ఎంతసేపు చూసినా ఎవరూ తప్పుపట్టరన్న సంగతి రెండోరోజే కనిపెట్టింది. మూడోరోజు అతను ఉన్నట్టుండి కళ్లు తెరిచేసరికి, కనపడని మేకేదో వెతుకుతున్నట్టు నేలంతా తడిమింది.

"ఈ అల్మరా నిండా అగ్గిపెట్టెలెందుకండీ?" అన్నాడోసారి.

"పాత సామాన్లలో ఏవేవో దొరుకుతాయి. గుండీలు, తాళంచెవులు, ఉత్తరం ముక్కలు. ఒకసారి పాలపన్ను కూడా దొరికింది."

"పై పన్నా, కింది పన్నా?"

"అదా మీ సందేహం! ఏది దొరికినా అగ్గిపెట్టెలో పెట్టి, పైన 'ఫలానావారిది, తిరిగి ఇవ్వాలి' అని రాస్తాను. సామానుతో పాటు ఇచ్చేస్తాం."

"మా కుర్చీలో ఏమీ దొరకలేదా?"

"ఏముందీ, చెత్త తప్ప."

వాన రోజూ అదే వేళకి వచ్చేది. వాన తగ్గేదాకా వెళ్లలేనని అతను, వానలో ఎలా వెళ్తారని ఆమె. ఒకరోజు తండ్రి ఉండబట్టలేక అడిగాడు. "మేస్త్రీ, గోడ గడియారం రిపేరుకేమైనా వచ్చిందా? పొద్దుట్నుంచీ దానివంకే చూస్తున్నావు?"

"నాన్నా!"

ఇరవై అయిదో తారీఖు వచ్చింది. చప్పుడు మాత్రం రాలేదు. ఇలా లాభం లేదని మేస్త్రీ ఆ సాయంత్రం డాక్టరు వెంట వాళ్లింటికి బయల్దేరింది.

గేటు తీశారో లేదో లోపల్నుంచి గొంతు వినిపించింది. "చిన్నోడా, పక్కనెవర్రా? అడుగు కొత్తగా ఉందే?"

"కుర్చీ బాగుచేసిన అమ్మాయి, నానమ్మా."

"పాడుచేసిన అమ్మాయి అను. ఇలా రావే."

మామ్మగారు ఆమె రెండు చేతులూ పట్టుకుని తడిమి చూసింది. "ఎంత గరుగ్గా ఉన్నాయో! పని చేసే చేతులే. మరి నా కుర్చీ ఎందుకు మార్చావమ్మా?"

"మార్చలేదు మామ్మగారూ. అదే కుర్చీ. ఒట్టు."

"ఒట్లెందుకు? చప్పుడేదీ?"

మామ్మగారు ఆమె చెయ్యి వదలకుండానే ఇల్లంతా తిప్పింది. నీళ్లొచ్చే ముందు రెండుసార్లు దగ్గే కుళాయి. కాలు పడగానే మూలిగే మూడో మెట్టు. గాలేస్తే గొణిగే వెనక కిటికీ. "ఈ ఇల్లు నాకు కనపడదమ్మా, వినపడుతుంది" అంది. ఆ తర్వాత అడిగింది, "మీ చిన్నప్పటి ఇల్లెలా ఉండేది?"

"ఏ ఇల్లని చెప్పను? పదకొండు అద్దిళ్లు మారాం. ఏదీ సరిగ్గా గుర్తులేదు." ఈ ప్రశ్నకి మేస్త్రీ దగ్గర ఎప్పుడూ ఒక నవ్వు సిద్ధంగా ఉంటుంది. అదే నవ్వింది.

"ఒక్కటి కూడా గుర్తులేదా?"

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "సామాన్లలో ముందు నాన్న పనిముట్ల పెట్టె దింపేవాళ్లం. ధడ్‌మని పడేది. గొళ్లెం ఘల్లుమనేది. అది వినపడగానే... ఇంక ఇదే మా ఇల్లు అనిపించేది."

ఎవరికీ చెప్పని మాట అది. తనకే తెలియని మాట కూడాను. చేతి వెనకవైపుతో కళ్లు ఒత్తుకుంది. డాక్టరు ఆ క్షణాన కిటికీ బయట ఏదో మహా ముఖ్యమైనది కనపడినట్టు అటు తిరిగి నిలబడ్డాడు. అందుకు అతనంటే ఆమెకి చెప్పలేనంత ఇష్టం కలిగింది.

"నీకూ తెలుసన్నమాట. తెలిసీ నా చప్పుడెందుకు తీశావే?"

"పాతబడి వచ్చిందనుకున్నాను మామ్మగారూ..."

"పాతబడి కాదు. కొన్నాక పదిహేనేళ్లు అది నోరెత్తలేదు. ఆ తర్వాతే..." అంటూ మామ్మగారు ఠక్కున ఆగిపోయింది. "ఆ కబుర్లు ఇప్పుడెందుకులే. టీ తాగు."

మేస్త్రీ టీ కప్పు పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయింది. పాతబడి వచ్చింది కాదు. అంటే ఎవరో పెట్టింది! కప్పు కింద పెట్టేసి పరుగు లంకించుకుంది. ఏమీ అర్థంకాని డాక్టరు గొడుగు పట్టుకుని వెనకే పరిగెత్తాడు.

షాపు అల్మరాలో, అన్నిటి వెనకా, పేరు రాయని అగ్గిపెట్టె ఒకటుంది. మేస్త్రీ దాన్ని తెరిచి అరచేతిలో వంపింది. బొటనవేలంత చెక్క దువ్వెన ముక్క. దానికి నాలుగు పళ్లు. రెండు బుల్లి ఇత్తడి మేకులు.

"కుర్చీ కాలికీ, కింద ఊగే బద్దకీ మధ్య సందులో ఉందిది. ఎవడో తెలివితక్కువ వడ్రంగి సందు పూడ్చడానికి కుక్కాడని చిరాకేసింది. పారెయ్యలేదు గానీ, పేరు రాయలేదు. మీకివ్వలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా చెయ్యలేదు." ఆమె తలెత్తి చూసింది. "తప్పు నాదే. పళ్ల డాక్టర్ గారూ, మీ కుర్చీకి నాలుగు పళ్లు నేనే పీకేశాను."

డాక్టరు వాటిని వెలుగులో పెట్టి పరీక్షగా చూశాడు. "పళ్లు గట్టిగానే ఉన్నాయి. మళ్లీ కట్టేద్దాం. మీరు డాక్టరు, నేను అసిస్టెంటు."

అతను టార్చి పట్టుకున్నాడు. ఆమె పాత రంధ్రాల్లోనే పాత మేకులు దించింది. అయ్యాక అతను కూర్చున్నాడు. వెనక్కి ఊగాడు, ముందుకి ఊగాడు.

కిర్‌ర్‌ర్... టక్.

అతను తీర్పేమీ చెప్పలేదు. కళ్లు తెరవకుండానే, "ఇది మా ఇల్లు" అన్నాడు. ఆ మూసిన కళ్ల చివర తడి మేస్త్రీకి కనపడింది.

మర్నాడు దువ్వెన ముక్క సంగతి విని, ఇంటికొచ్చిన కుర్చీలో మామ్మగారు కూర్చుని ఊగింది. కిర్‌ర్‌ర్... టక్. కిర్‌ర్‌ర్... టక్. ముఖం విప్పారింది. ఆ తర్వాత దొంగలా నవ్వింది.

"దొరికిపోయానుగా! ఆ ముక్క కుక్కింది నేనేరా చిన్నోడా."

"నువ్వా!"

"మీ తాతయ్యకి గుండె నొప్పొచ్చినప్పుడు మెట్లెక్కొద్దన్నారు. వింటాడా? మేడ మీద పావురాలుండేవి. నేను వంటింట్లోకెళ్తే చాలు, పిల్లిలా జారుకునేవాడు. అందుకని విరిగిన నా దువ్వెన ముక్క కుర్చీకి కుక్కాను. చప్పుడు వినిపిస్తోందంటే మనిషున్నట్టు. ఆగిందా, గరిటె పట్టుకుని పరిగెత్తేదాన్ని! ఆ కుర్చీలో ఇంకో ఇరవై రెండేళ్లు ఊగాడు. పిచ్చి మనిషి, చివరిదాకా కనిపెట్టలేకపోయాడు."

డాక్టరు పగలబడి నవ్వాడు. మేస్త్రీ నవ్వలేదు. చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది.

"మామ్మగారూ, మేకులు కూడా మీరే కొట్టారా?"

"మేకులేంటే? చేత్తో కుక్కానంతే. నాకు సుత్తి పట్టడమే రాదు."

"ఊగే కుర్చీలో ఊరికే కుక్కిన ముక్క నెల తిరక్కుండా జారిపోతుందండీ. దీన్నెవరో రెండు మేకులతో బిగించారు. దువ్వెన చిట్లకుండా, చాలా ఓపిగ్గా. బుల్లి ఇత్తడి మేకులు."

కుర్చీ ఆగిపోయింది.

"ఇత్తడివా?" అంది మామ్మగారు నెమ్మదిగా. "పావురాల గూటికి కొట్టేవాడు అవి."

మామ్మగారు వంగి, కుర్చీ కాలి దగ్గర వేళ్లతో వెతికి, ఆ మేకు తలల్ని ముట్టుకుంది.

"దొంగమనిషి! జారిపోకుండా బిగించాడే... నేను పరిగెత్తుకు రావాలని ఇరవై రెండేళ్లు ఏమీ తెలియనట్టు ఊగాడే!" నవ్వో ఏడుపో తెలియకుండా ఆవిడ కళ్లు ధారలు కట్టాయి. కొంగుతో తుడుచుకుని, గట్టిగా ఒకసారి ఊగింది. "ఏంట్రా అలా నిలబడ్డారు? సామాన్లు సర్దండి. కొత్తింటికెళ్దాం."

ఒకటో తారీఖు వెళ్లింది. పని అయిపోయింది. మధ్యాహ్నం మూడింటికి వాన వస్తూనే ఉంది గానీ, డాక్టరు రావడం లేదు. మేస్త్రీ బీరువా తలుపుకి బిగించాల్సిన మర సొరుగుకి బిగించింది. తండ్రి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

పదోరోజు అతను వచ్చాడు. చంకలో మూడుకాళ్ల స్టూలు.

"నాలుగో కాలు విరిగిందండీ."

ఆమె విరిగినచోట వేలు పెట్టి చూసింది. "విరగలేదు. కోశారు. రంపంతో కూడా కాదు." ఇంకా దగ్గరగా చూసింది. "డాక్టర్ గారూ, పళ్లు తొలిచే మిషనుతో స్టూలు కాలు కోశారా?"

"గంటన్నర పట్టిందండీ," అన్నాడు తలొంచుకుని.

"సుఖంగా ఉన్న స్టూలుని ఎందుకండీ..."

"నానమ్మ మిమ్మల్ని టీకి రమ్మంది. ఊరికే పిలవడానికి ధైర్యం చాల్లేదు."

మూల నుంచి తండ్రి గొంతు వినిపించింది. "వెళ్లవమ్మా మేస్త్రీ! లేకపోతే రేపు మంచం కోసుకొస్తాడు."

కొత్త ఫ్లాట్‌లో మామ్మగారు హాల్లో ఊగుతోంది. కిర్‌ర్‌ర్... టక్. వాళ్లిద్దరూ బాల్కనీలో నిలబడ్డారు. సన్నగా జల్లు పడుతోంది. డాక్టరు జేబులోంచి ఒక అగ్గిపెట్టె తీసి ఆమె చేతిలో పెట్టాడు. పైన డాక్టరు రాతలో, మందుల చీటీలా కొక్కిరిబిక్కిరిగా, ఒక చీటీ అంటించి ఉంది. ఆమె కూడబలుక్కుని చదివింది.

'మేస్త్రీ గారిది. తిరిగి ఇవ్వక్కర్లేదు.'

లోపల ఆ ఫ్లాట్ తాళంచెవి ఉంది.

"మీరు పదకొండు ఇళ్లు ఖాళీ చేశారు," అన్నాడు. "ఇది పన్నెండోది. దీన్ని ఎవరూ ఖాళీ చెయ్యమనరు. నాకు మీరంటే చాలా ఇష్టం. మీ నాన్నగారూ, ఆయన పనిముట్ల పెట్టె కూడా వస్తే... ఆ ధడ్‌మనే చప్పుడు మా ఇంట్లో వినాలనుంది."

మేస్త్రీ అగ్గిపెట్టెని గుప్పిట్లో గట్టిగా పట్టుకుంది. ఏదో అనబోయింది. అప్పుడే లోపల కుర్చీ చప్పుడు ఆగిపోయింది.

"అమ్మో, నానమ్మ లేచింది!" ఇద్దరూ చప్పున చెరోవైపు జరిగారు. డాక్టరు పూలకుండీని, మేస్త్రీ మబ్బుల్ని శ్రద్ధగా చూడసాగారు.

ఎవరూ రాలేదు. హాల్లోంచి గొంతు మాత్రం వచ్చింది.

"నేను లేవలేదర్రా! సరిగ్గా వినపడట్లేదని ఊగడం ఆపానంతే. చెప్పవే అమ్మాయ్, వాడు అడిగాడుగా! ఎంతసేపని బిగబట్టుకుని కూర్చోను?"

మేస్త్రీ నవ్వింది. సిద్ధంగా ఉంచుకున్న నవ్వు కాదది.

"సరేనండీ మామ్మగారూ!" అని గట్టిగా అరిచి చెప్పింది. చెప్పాల్సిన మనిషి పక్కనే ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చి, అతని వైపు తిరిగి, ఈసారి చాలా నెమ్మదిగా, "సరే" అంది.

లోపల కుర్చీ మళ్లీ అందుకుంది.