ఇరవై ఒక్క గీతలు

పరమాన్నానికని దాచిన అచ్చు బెల్లం కనిపించక హైమవతి ఉదయమే మామగారి మీద అలిగింది. నాగలింగాచారి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఆయన వేళ్ల సందుల్లో ఎండిన సున్నమే అది ఎటు పోయిందో చెబుతోంది.

గద్దలకొండ అడవిలో ఆయన తాత సున్నం పూసిన రాతి మండపం వానకు కారుతోంది. మరమ్మతు కాంట్రాక్టు కొడుకు సోమాచారిదే. సిమెంటు పూస్తే తడి లోపలే నిలిచి రాయి పొడిగా రాలిపోతుందని ముసలాయన మొత్తుకున్నాడు. సోమవారంలోగా పగలని సున్నం చేసి చూపించమన్నాడు కొడుకు, లేకుంటే సిమెంటే. కరక్కాయా బెల్లమూ నానేసిన నీళ్లతో ముసలాయన కలిపిన ప్రతి సున్నపు పూతా ఎండగానే నెర్రెలిచ్చింది. పగిలినకొద్దీ బెల్లం పెంచాడు.

మిగిలిన ముక్కయినా దొరుకుతుందేమోనని హైమవతి ఆయన పనిముట్ల పెట్టె తెరిచింది. బెల్లం లేదు. అడుగున తాత నాటి చెక్కపలక ఉంది, సున్నం నునుపు చేసేది. దాని వెనక ఉలితో గీసిన మండపం, వాగు, రెండు కొండల నడుమ గుహ.

సోమాచారి అది నిధి దారే అనుకున్నాడు. అంతవరకు కదలని మనిషి గడ్డపార భుజాన వేసుకున్నాడు.

చెంచు గురవన్న దారి చూపగా తండ్రీ కొడుకూ కోడలూ అతని వెంట మోకాటిలోతు వాగు దాటారు. ముళ్లపొదలు తప్పించుకుంటూ కొండ ఎక్కి, గుహలోకి పాకి, టార్చి వేశారు. ఎదుటి గోడ మీద వరుసగా సున్నపు పూతలు. చాలావరకు పగిలి వేలాడుతున్నాయి. చివరిది మాత్రం, పైనుంచి నీళ్లు కారుతున్నా, కోడిగుడ్డు పెంకులా నున్నగా ఉంది.

"గుహ గోడకు పూత ఎవరు పూస్తారు? వెనక ఏదో దాచారు" అంటూ సోమాచారి గడ్డపార ఎత్తాడు.

"ఆగండి" అంది హైమవతి. "కింద గీతలు చూడండి."

ప్రతి పూత కిందా మూడు గుండ్రాలు, వాటి పక్కన గీతలు. గుండ్రాలు బెల్లం అచ్చులని నాగలింగాచారి పోల్చుకున్నాడు. అవి అన్నిటికీ మూడే. గీతలు మాత్రం రెండు, అయిదు, పది. చివరిదానికి ఇరవై ఒకటి. పక్క అరుగు మీద కుండలు పెట్టిన నల్లటి వలయాలు. ఊరగాయ జాడీలతో ఇరవై ఏళ్లు గడిపిన హైమవతికి వెంటనే తట్టింది.

"బెల్లం చాలక కాదు మామయ్యా. మీ తాతగారు ఇక్కడి తడిలో పూతలు పరీక్షించి గీసుకున్న రోజులవి. కరక్కాయా బెల్లమూ నీళ్లలో అన్నాళ్లు ఊరాలి. మీరు తెల్లారి నానేసి సాయంత్రానికే కలిపేశారు."

ముసలాయన తడి పూత మీద అరచెయ్యి ఆనించి, కింది గీతలు వేలితో మళ్లీ లెక్కపెట్టాడు. సోమాచారి చేతిలోని గడ్డపార మెల్లగా కిందికి దిగి రాతికి ఠంగున తగిలింది. లోపలి చీకట్లో ఏదో గుర్రుమంది.

"ఎలుగు ఉండాది. అరవొద్దు, పరిగెత్తొద్దు. నా ఎనకాలే పాకండి" అన్నాడు గురవన్న.

గడ్డపార అక్కడే వదిలేసి, ఊపిరి బిగబట్టి, ఒకరి మడమలు ఒకరు తాకుతూ బయటపడ్డారు.

రాత్రి భోజనాల దగ్గర సోమాచారి చారు కలుపుకుంటూ తలెత్తాడు.

"సిమెంటు బస్తాలు రేపే వెనక్కి పంపేస్తా నాయనా. వానకు మండపం మీద పట్టా కప్పిస్తా. ఇరవై ఒక్క రోజులు ఊరినాకే పని. ఆ గుహ గోడను మాత్రం ఎవరూ ముట్టొద్దు."

నాగలింగాచారి తలూపి కోడలి వైపు చూశాడు.

"రేపు బెల్లం రెండు చోట్లకు తెప్పించమ్మా. వంటింటిదానికి తాళం వేసుకో" అన్నాడు.